గనుల ఊళ్లో విన్న గొంతులు

మన పత్రికలో పాత పాటల గురించి రాసేవారు చాలామంది ఘంటసాల గారితోనో, సుశీల గారితోనో మొదలుపెడతారు. నాకూ ఆ పాటలే ప్రాణం. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదొరై గారి గొంతు వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి రేడియో దగ్గరికి పరుగెత్తిన తరం మాది. అయితే నేను పెరిగిన వీధిలో దానితోపాటు ఇంకో రకం పాట కూడా వినిపించేది. సోల్ మ్యూజిక్ అంటారు దాన్ని. అమెరికాలోని నల్లజాతివారి పాట. ఎక్కడో మెంఫిస్‌లో, డెట్రాయిట్‌లో పుట్టిన ఆ పాట కోలారు బంగారు గనుల్లోని ఒక తెలుగు ఇంటి అరుగు మీదికి ఎలా వచ్చిందో చెబుదామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కె.జి.ఎఫ్. అంటే ఇప్పటి పిల్లలకు 2018లో వచ్చిన సినిమా గుర్తుకొస్తుంది. మేము పెరిగిన ఊరు అది కాదు. మాది బౌరింగ్‌పేట (అదే బంగారుపేట) నుంచి మారికుప్పానికి వెళ్లే రైలు మార్గంలో ఉన్న ఊరు. ఒక పక్క గుట్టల్లా పేరుకున్న సైనైడు దిబ్బలు, ఇంకో పక్క షాఫ్టుల మీద తిరిగే పెద్ద పెద్ద చక్రాలు. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చిన ఊరు మాదని పెద్దవాళ్లు గొప్పగా చెప్పేవారు. నిజమే, కానీ ఆ కరెంటు వచ్చింది గనుల కోసం. మా లైన్లలోకి రావడానికి మరి చాలా ఏళ్లు పట్టింది. చిత్తూరు జిల్లా నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లే మాలో ఎక్కువ. వీధిలో తెలుగు, అరవం, కన్నడం మూడూ కలిసిపోయి ఉండేవి. మా తాత పలమనేరు దగ్గరి పల్లె నుంచి నడిచి వచ్చాడట. మా నాయన గనిలో ఎలక్ట్రీషియను. లోపల నీళ్లు తోడే పంపుల పని. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది; అంత లోతున రాతి వేడి 60 డిగ్రీల పైమాటే. మా నాయన గని గురించి ఇంట్లో మాట్లాడేవాడు కాదు. షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, ఇంత సంగటి తిని పడుకునేవాడు.

మా వరస చివరి ఇల్లు మాది. దారికి అవతల ఆంగ్లో ఇండియన్ల ఇళ్లు మొదలయ్యేవి. వాటికి ముందు చిన్న తోట, గేటు, వెనక కోళ్ల గూడు. మాకు సరిగ్గా ఎదురింట్లో ఉన్న అంకుల్ గనిలో ఫోర్‌మను. ఆంటీ చిన్నపిల్లల బడిలో టీచరు. వాళ్లకు నలుగురు పిల్లలు. పెద్దబ్బాయి నాకంటే ఏడేళ్లు పెద్ద. నేను ‘అన్నా’ అని పిలిచేవాణ్ణి. అతను ‘రేయ్ తమ్ముడూ’ అనేవాడు. ఇంగ్లీషు, అరవం, మన కోలారు తెలుగు మూడూ కలిపి ఒకే వాక్యంలో పెట్టేవాడు. మా అవ్వకు ఆంటీ ‘దొరసానమ్మ’. ఆంటీ ఆ పిలుపుకు నవ్వి, “దొరలు ఓడెక్కి పోయిరి అవ్వా, మేము మిగిలితిమి” అనేది.

ఆ ఇంట్లో ఒక రికార్డు ప్లేయరు ఉండేది. అంకుల్ గారికి జిమ్ రీవ్స్ అంటే పిచ్చి. ఆ ఒక్క గాయకుడి రికార్డులు లేని ఆంగ్లో ఇండియను ఇల్లు మా ఊళ్లో ఉండేది కాదని చెప్పవచ్చు. మెత్తగా, జోల పాడినట్టు ఉంటుంది ఆయన గొంతు. క్రిస్మస్ వచ్చిందంటే వీధి వీధంతా ఆయనే. కానీ ఆంటీ తమ్ముడు ఒకాయన లండన్‌లో పనికి చేరి, ఏడాదికి రెండుమూడు సార్లు ఓడ పార్సిల్లో మేనల్లుడికి చిన్న రికార్డులు పంపేవాడు. 45 చుట్ల రికార్డులు, పక్కకొక పాట. అందులో ఉండేవి జిమ్ రీవ్స్ పాటలు కావు. రే చార్లెస్, శామ్ కుక్, ఓటిస్ రెడ్డింగ్, అరీథా ఫ్రాంక్లిన్. అంకుల్ డ్యూటీకి వెళ్లగానే అన్న ఆ రికార్డులు తీసేవాడు. కిటికీ తెరిచేవాడు. అది మాకు పిలుపన్నమాట. దారి దాటి వెళ్లి వాళ్ల వరండా మెట్ల మీద కూర్చునేవాళ్లం.

మొదటిసారి విన్నప్పుడు నాకు 11 ఏళ్లు. 1966వ సంవత్సరం. మాట ఒక్కటీ తెలియలేదు. బడిలో నేర్పిన ఇంగ్లీషుకూ దీనికీ సంబంధమే కనిపించలేదు. కానీ ఆ గొంతుల్లో ఒక గరుకు ఉండేది. పాడేవాడు ఒక్కొక్క చోట పాట వదిలేసి అరిచేవాడు, మళ్లీ పాటలోకి వచ్చేవాడు. జిమ్ రీవ్స్ పాడితే ఆయన సూటు వేసుకుని పాడుతున్నాడని తెలిసేది. వీళ్లు పాడితే చెమట కనిపించేది.

మా అవ్వ సంగతి ఇక్కడే చెప్పాలి. ఆవిడ ఇంగ్లీషు మాట అటుంచి, తెలుగు అక్షరం కూడా ఎరగదు. వడ్లు దంచేటప్పుడు సువ్వి పాట ఆవిడే ఎత్తుకోవాలి, నాట్లలో ఆవిడే ముందు పాడాలి అని మా పల్లెలో పేరు. గనుల ఊరికి వచ్చాక నాట్లు లేవు, రోకళ్లు లేవు. శనివారం రాముల గుడి భజన మిగిలింది. ఒక సాయంత్రం ఎదురింటి కిటికీ లోంచి అరీథా ఫ్రాంక్లిన్ పాట వస్తోంది. 1967లో అమెరికా అంతా మోగిన ‘రెస్పెక్ట్’ అనే పాట అది. అవ్వ అరుగు మీద బియ్యం ఏరుతోంది. కాసేపు విని, చేట కింద పెట్టి, “ఈ పిల్ల భజనలో పెరిగిన పిల్లరా” అంది.

నేను నవ్వాను. “నీకెట్లా తెలుసవ్వా?” అన్నాను.

“చూడు, తాను అంతా పాడదు. ఎనకాల అందుకునేవాళ్లకు జాగా ఇడిచిపెడ్తుంది. అది ఒంటిగా పాడుకునే వాళ్లకు రాదు” అంది.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. అరీథా తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చికి పాస్టరు. ఆయన ప్రసంగాలు రికార్డులుగా అమ్ముడుపోయేవి. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి ఆ చర్చిలోనే పాడింది. ‘రెస్పెక్ట్’ పాటలో వెనక అందుకునే గొంతులు ఆమె సొంత అక్కచెల్లెళ్లవే, అర్మా, క్యారొలిన్‌లవి. ఆ పాట మొదట రాసి, 1965లో పాడినవాడు ఓటిస్ రెడ్డింగ్. అతను పాడినప్పుడు అది పని చేసి ఇంటికి వచ్చిన మగవాడు భార్యను మర్యాద అడిగే పాట. అవే మాటలు ఒక ఆడమనిషి నోట పడేసరికి పాట అర్థమే తిరగబడింది. మన జానపద పాటల్లో కూడా ఒకే పాట అత్త పాడితే ఒక అర్థం, కోడలు పాడితే ఇంకో అర్థం. అవ్వకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సోల్ అంటే ఆత్మ. ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. బానిసలుగా పత్తి చేలల్లో చాకిరీ చేసిన రోజుల నుంచి అమెరికాలో నల్లజాతివారికి రెండు రకాల పాటలు ఉండేవి. ఆదివారం చర్చిలో దేవుడి పాట, శనివారం రాత్రి సారా కొట్టులో కష్టసుఖాల పాట. రెండింటికీ మధ్య పెద్ద గోడ. దేవుడి పాట పాడే నోటితో రెండోది పాడితే అపచారం. 1954లో రే చార్లెస్ అనే అంధ గాయకుడు ఒక చర్చి పాట వరసను తీసుకుని అందులో దేవుడి బదులు ఒక స్త్రీని పెట్టి పాడాడు. చర్చివాళ్లు మండిపడ్డారు. జనం మాత్రం ఆ రికార్డును ఎగబడి కొన్నారు. గోడ అక్కడ కూలింది. కూలిన చోట పుట్టింది సోల్ పాట.

శామ్ కుక్ కథ ఇంకా చిత్రం. అతని తండ్రీ పాస్టరే. ఇరవై ఏళ్లయినా నిండకముందే సోల్ స్టిరర్స్ అనే భక్తి గాయకుల బృందంలో ముఖ్య గాయకుడు అయ్యాడు. సినిమా తారకు పట్టినట్టు చర్చిల్లో జనం అతనికి పట్టేవారట. అతనికి ప్రేమ పాట పాడాలని ఉంది, భక్తులు ఏమంటారో అని భయం ఉంది. అందుకని మొదటి పాటను డేల్ కుక్ అని పేరు మార్చి విడుదల చేశాడు. ఆ గొంతును ఎవరు గుర్తుపట్టరు? వెంటనే దొరికిపోయాడు. 1957లో ఇక దాపరికం వదిలేసి సొంత పేరుతోనే పాడాడు, దేశమంతా పాకిపోయాడు.

ఈ గోడ మనకు లేదు. క్షేత్రయ్య పదంలో నాయిక వేదన అంతా చెప్పుకుంటుంది, చివర మువ్వగోపాలుడి ముద్ర పడుతుంది, గుళ్లో కూడా పాడతారు. మన ఘంటసాల గారి చిన్నతనం తీసుకోండి. తండ్రి సూరయ్య గారు తరంగాలు పాడుతుంటే ఈ పిల్లవాడు అడుగులు వేసేవాడు. ఆ భజన గొంతే తర్వాత సినిమాలో ప్రేమగీతాలు పాడింది, చివరికి భగవద్గీత పాడింది. ఎవరూ తప్పు పట్టలేదు. రే చార్లెస్‌కూ శామ్ కుక్‌కూ ఆ సౌకర్యం లేకపోయింది. వాళ్ల గొంతులో వినిపించే ఆ తెగింపు బహుశా అందువల్లనే కావచ్చునని నా ఊహ.

మా నాయన అభిప్రాయం వేరు. లీ డార్సీ అనే గాయకుడి పాట ఒకటి 1966లో వచ్చింది, ‘వర్కింగ్ ఇన్ ద కోల్ మైన్’ అని. తెల్లవారుజామునే లేచి బొగ్గు గనిలోకి దిగే మనిషి గోడు అది. మధ్యమధ్య సమ్మెట దెబ్బ మోగుతుంది. గనుల ఊళ్లో పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? వీధంతా ఆ పాటే కూసేవాళ్లం, ఒకడు సమ్మెట దెబ్బకు తపేలా మీద గరిటెతో కొట్టేవాడు. ఒక ఆదివారం అన్న మా నాయనకు ఆ పాటలో ఉన్న సంగతంతా వరసగా తెలుగులో చెప్పాడు. మా నాయన శ్రద్ధగా విని, “వీడు గనిలో దిగలేదు” అన్నాడు. “ఎట్లా చెప్తారు అంకుల్?” అన్నాడు అన్న. “దిగినోడు పైకొచ్చినాక పాడడు నాయనా, పండుకుంటాడు.”

లీ డార్సీ కుర్రతనంలో కుస్తీ గోదాలో కాదు గాని, బాక్సింగు బరిలో దిగినవాడు. తర్వాత న్యూ ఆర్లియన్స్‌లో మోటారు కార్ల డొక్కులు సరిచేసే షెడ్డు నడిపాడు. పాట రాసిన అలెన్ టూసాంట్ పియానో వాయిద్యగాడు. బొగ్గు గనితో ఇద్దరికీ సంబంధం లేదు. మా నాయన మాట నెగ్గింది. అయినా పాట బాగుంటుంది, అది వేరే విషయం.

ఇప్పుడు అన్న గురించి. వాళ్ల ఇంట్లో మిగతా ముగ్గురూ తెల్లగా, పిల్లికళ్లతో ఉండేవారు. ఇతను మాత్రం నా కంటే నలుపు. ఆంగ్లో ఇండియన్ల ఇళ్లలో ఇది కొత్త కాదు, ఏ ముత్తవ్వ పోలికో వస్తుంది. కానీ పెళ్లిళ్లకూ డాన్సులకూ వెళ్లినప్పుడు అతన్ని చూసి చుట్టాలే మాటలు విసిరేవారని ఆంటీ మా అమ్మతో చెప్పుకుని బాధపడేది. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. ఆ రోజుల్లో వాళ్లలో చాలామంది ఆస్ట్రేలియాకు పోవాలని చూసేవారు. ఆ దేశం అప్పుడు తెల్లవాళ్లనే రానిచ్చేది. మిశ్రమ సంతతివాళ్లు రావాలంటే వంశంలో ముప్పాతిక భాగం యూరపు రక్తం ఉండాలి, చూడ్డానికి కూడా అలాగే ఉండాలి అని నియమం పెట్టారు. 1966లో దాన్ని సడలించారు, 1973లో పూర్తిగా ఎత్తేశారు. సడలించారన్న వార్త వచ్చినా మా ఎదురింటివాళ్లు దరఖాస్తు పెట్టడానికి జంకేవారు. నలుగురు పిల్లలనూ వరసగా నిలబెట్టి ఫొటో తీయించాల్సి వస్తుంది కదా అని ఆ జంకు.

అన్నకు ఇదంతా తెలుసు. అతను ఆ పాటలనే ఎందుకు పట్టుకున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. అతని గదిలో గోడ మీద ఓటిస్ రెడ్డింగ్ బొమ్మ ఉండేది, ఏదో ఇంగ్లీషు పత్రిక నుంచి కత్తిరించింది. నల్లగా, ఎత్తుగా, నోరంతా తెరిచి పాడుతున్న మనిషి. అద్దం పక్కనే అంటించి ఉండేది. 1968లో జేమ్స్ బ్రౌన్ నలుపు గురించి గర్వంగా కేకపెట్టి పాడిన రికార్డు వచ్చినప్పుడు అంకుల్ ఒక్కసారి విని, ఆ రికార్డు ఈ ఇంట్లో మోగకూడదన్నాడు. అన్న ఎదురు చెప్పలేదు. రికార్డూ ప్లేయరూ ఎత్తుకుని మా ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో అప్పటికే కరెంటు వచ్చింది. బల్బు తీసి, ఆ హోల్డరు నుంచి మా నాయనే తీగ లాగి ఇచ్చాడు. చీకట్లో కూర్చుని విన్నాం.

ఓటిస్ రెడ్డింగ్ 1967 డిసెంబరు 10న విమానం కూలి చనిపోయాడు. 26 ఏళ్లు. దానికి రెండుమూడు రోజుల ముందు వరకూ మెంఫిస్‌లో ‘డాక్ ఆఫ్ ద బే’ పాట రికార్డు చేస్తూనే ఉన్నాడు. ఇల్లు వదిలి రెండు వేల మైళ్లు వచ్చి, ఏమీ దొరక్క, ఓడరేవులో కూర్చుని అలలను చూసే మనిషి పాట. చివర ఈల వేస్తాడు. 1968 జనవరిలో, అతను పోయాక, ఆ రికార్డు విడుదలయింది. అది రికార్డయిన స్టాక్స్ కంపెనీ ఒక పాత సినిమా హాలులో ఉండేది. నేల ఇంకా సినిమా హాలు నేలలాగే వాలుగా ఉండేదట. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చుని కాఫీ తాగడానికే గొడవలైన ఊళ్లో, అక్కడి వాయిద్య బృందంలో ఇద్దరు నల్లవారు, ఇద్దరు తెల్లవారు. ఆ పాటను ఓటిస్‌తో కలిసి రాసిన గిటారిస్టు స్టీవ్ క్రాపర్ తెల్లవాడు. అదే మెంఫిస్‌లో, 1968 ఏప్రిల్ 4న, పాకీపని వాళ్ల సమ్మెకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగును కాల్చి చంపారు. ఆయన బస చేసిన లొరైన్ మోటెల్ స్టాక్స్ వాళ్లు పాటలు కట్టుకోవడానికి కూర్చునే చోటే.

ఆ ఓటిస్ రికార్డు మాకు వచ్చింది 1968 వానాకాలంలో. అంకుల్‌కు కూడా అదొక్కటి నచ్చింది. ఒక రాత్రి, ఎనిమిదో తొమ్మిదో అయి ఉంటుంది, ఎదురింట్లో ఆ పాట వేశారు. నేను వాళ్ల వరండాలో ఉన్నాను. ఒక్కసారిగా కాళ్ల కింద నేల అదిరింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. ప్లేయరు సూది ఎగిరి కిర్రుమని రికార్డుకు అడ్డంగా గీత గీసింది.

గనుల ఊళ్లో పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మిగతావారి కోసం చెబుతాను. చాలా లోతున రాయి మీద పైబరువు ఒత్తిడి పెరిగి పెరిగి ఒక్కసారిగా పగులుతుంది. మా ఊళ్లో దాన్ని ‘ఎయిర్ బ్లాస్టు’ అనేవారు. పైన ఇళ్లు కూడా కదులుతాయి. కింద ఎవరు ఎక్కడ ఉన్నారన్నది వాళ్లు పైకి వచ్చేదాకా తెలియదు.

మా నాయన ఆ రోజు రెండో షిఫ్టు.

ఏ ఇంట్లోంచీ ఎవరూ కేకపెట్టలేదు. తలుపులు తెరుచుకున్నాయి, ఆడవాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు, అంతే. మా అమ్మ గడప దగ్గరే కూలబడింది. ఆంటీ ఇంట్లోని స్లిప్పర్లతోనే దారి దాటి వచ్చి అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. అంతకుముందెప్పుడూ ఆవిడ మా ఇంట్లో నేల మీద కూర్చోగా నేను చూడలేదు. అమ్మ చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. అన్న సైకిలెక్కి షాఫ్టు దగ్గరికి పోయాడు. అవ్వ మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా, గొంతు పెగలకుండా, ఏదో పాడుకుంటూ ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంది. భజన కాదు, సువ్వి పాట. దంపుళ్ల పాట ఆ రాత్రి ఎందుకు వచ్చిందో ఆవిడకే తెలియాలి. ఆంటీకి ఆ పాట తెలియదు. కానీ ఆవిడ ‘ఊఁ’ కొట్టాల్సిన చోట సరిగ్గా ఊఁ కొట్టింది. అట్లా ఎంతసేపు కూర్చున్నారో చెప్పలేను.

ఒంటిగంటప్పుడు అన్న తిరిగొచ్చాడు. మలుపు దగ్గరే సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చాడు. “అంకుల్ కేజి పైకొచ్చేసింది” అని అక్కణ్ణుంచే అరిచాడు. ఆ రాత్రి మా వరసలో అందరూ తిరిగొచ్చారు. అన్ని రాత్రులూ అలా కాలేదు.

1971లో ఎదురింటివాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోయారు, పెర్త్‌కు. పెద్దబ్బాయి వెళ్లలేదు. వర్క్‌షాపులో ఉద్యోగం ఉంది, తర్వాత వస్తానన్నాడు. ఫొటో సంగతి ఏమయిందో మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అతను ఆ ఇల్లు ఖాళీ చేసి, బ్రహ్మచారుల గదిలోకి మారాడు. మూడేళ్లపాటు రాత్రి భోజనం మా ఇంట్లోనే. అతను సంగటి ముద్ద తినే తీరు చూసి మా అవ్వ మురిసిపోయేది.

నేను 1972లో చదువుకు బెంగళూరు వచ్చాను. 1973 క్రిస్మస్ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆంటీ పెర్త్ నుంచి పంపిన రికార్డు ఒకటి అన్న చూపించాడు. బిల్ విదర్స్ అనే కొత్త గాయకుడు, ‘లీన్ ఆన్ మీ’ అనే పాట. అందులో అరుపులు లేవు, ఆర్భాటం లేదు. పియానో మెట్లెక్కినట్టు ఒకటి తర్వాత ఒకటిగా పోతుంది, గొంతు దానితోపాటే నడుస్తుంది. కష్టం వచ్చినప్పుడు నా మీద ఆనుకో, నాకూ రేపు ఆనుకోవడానికి ఎవరో కావాలి అనే భావం. అన్న తెలుగులో చెప్పబోయాడు. మా నాయన చేత్తో వద్దని సైగ చేశాడు. పాట అయిపోయాక, “ఇంకోసారి వెయ్యి” అన్నాడు. ఆ మాట ఆయన నోట ఏ ఇంగ్లీషు పాటకూ నేను వినలేదు.

1974లో అన్న కూడా వెళ్లిపోయాడు. అప్పటికి అక్కడ రంగు నియమం లేదు. వెళ్తూ రికార్డుల పెట్టె నాకిచ్చాడు. 31 ఉన్నాయి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మా నాయన అది చూడలేదు, 1998లోనే పోయాడు. అవ్వ అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. 2019లో ఒకసారి చూసి వద్దామని వెళ్లాను. మా లైన్లలో ఇంకా జనం ఉన్నారు. ఎదురు వరసలో కొన్ని ఇళ్లకు పైకప్పులు లేవు. చాలామంది తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో పనికి వచ్చి రాత్రికి తిరిగి వెళుతున్నారు. రాముల గుడిలో శనివారం భజన మాత్రం జరుగుతోంది.

2020 ఏప్రిల్ మొదటి వారంలో, లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఉండగా, బిల్ విదర్స్ మార్చి 30న చనిపోయాడని వార్త చదివాను. వయసు 81. అందులో అతని కథంతా రాశారు. పశ్చిమ వర్జీనియాలో శ్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల పల్లెలో పుట్టాడట. తండ్రి గని కార్మికుడు. పిల్లవాడికి 13 ఏళ్లప్పుడు పోయాడు. ఇతనికి నత్తి. తొమ్మిదేళ్లు నౌకాదళంలో చేసి, తర్వాత విమానాలకు మరుగుదొడ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1971లో వచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట మీద బొమ్మ ఆ ఫ్యాక్టరీ దగ్గర తీసిందే, చేతిలో తిండి డబ్బాతో. చర్చిలో చప్పట్లు కొట్టే అవ్వ చేతుల మీద కూడా ఒక పాట కట్టాడు. ‘లీన్ ఆన్ మీ’ పాటకు మూలం ఆ గనుల పల్లెలో ఇరుగుపొరుగు ఒకరికొకరు ఆసరాగా ఉన్న తీరేనని అతనే చెప్పాడట.

లీ డార్సీ పాట విని వీడు గనిలో దిగలేదన్న మా నాయనకు ఈ సంగతి చెప్పాలనిపించింది. చెప్పడానికి ఆయన లేడు. పెర్త్‌కు ఫోను చేశాను.

అన్నకు ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటాయి. అక్కడ చర్చి గాయక బృందంలో పాడుతున్నాడు. “బేస్ గొంతురా తమ్ముడూ, ఎనకాల అందుకునేవాణ్ణి” అని నవ్వాడు. విదర్స్ గురించి కాసేపు మాట్లాడుకున్నాం. ఓటిస్ రికార్డు గీత గురించి అడిగాడు. ఉందని చెప్పాను. ఇప్పుడు అదే పాట ఫోనులో శుభ్రంగా వస్తుంది కదా, అయినా ఆ చోటు వచ్చేసరికి నా చెవి ఆగుతుంది అన్నాను. తనకూ అంతే అన్నాడు. తర్వాత కొంచెం తటపటాయించి, “అవ్వ పాడిందే ఆ రాత్రి, మమ్మీ చెప్పేది చచ్చేవరకూ. ఆ పాట నీకు వస్తుందా?” అన్నాడు.

నాకు మొదటి రెండు చరణాలే వచ్చు. పలమనేరులో ఉన్న మా చెల్లెలికి మొత్తం వచ్చు. ఆమె చేత ఫోనులో పాడించి, రికార్డు చేసి పంపాను. ఊఁ కొట్టడానికి వాళ్ల ఇంట్లో ఎవరూ లేకపోతే కోడలిని కూర్చోబెట్టిందట.